కోరంగి: పేరు మిగిలిన రేవు

గోదావరి ధవళేశ్వరం దాటిన పిమ్మట పాయలుగా విడిపోయి సముద్రంలో కలుస్తుంది. ఈ పాయలు ఏడని, సప్తర్షులు వాటిని తీసుకొని పోయారని పౌరాణికులు చెబుతారు. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వసిష్ఠ అనేవి వాటి పేర్లు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగ సంగమంలో స్నానం చేసి, ఒక్కొక్క సంగమమే సేవించుకొంటూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరుకోవడాన్ని సప్తసాగర యాత్ర అంటారు. సంతానం కోరే దంపతులు ఈ యాత్ర చేయడం చిరకాలంగా వస్తున్న ఆచారం. ఇందులో రెండవ మజిలీ ఆత్రేయ పాయ మీది కోరంగి. నేటి కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలో, కాకినాడకు దక్షిణంగా సుమారు 10 మైళ్ళ దూరంలో, యానాం పోయే రహదారి మీద ఈ గ్రామం ఉన్నది. దారిన పోయే బస్సు ప్రయాణికునికి కొబ్బరిచెట్లు, రొయ్యల చెరువులు, మలుపు తిరిగిన ఒక ఉప్పుటేరు తప్ప అక్కడ మరేమీ కనిపించదు. కాని రెండువందల ఏళ్ళ క్రిందట బంగాళాఖాతంలో తిరిగే ప్రతి నావికునికీ ఈ ఊరిపేరు తెలుసు. ఊరు చిన్నబోయింది, పేరు మాత్రం దేశాంతరాలకు పోయి, కోరంగిని ఎన్నడూ చూడని జనానికి అంటుకొన్నది.

పేరు పుట్టుక గురించి పలు అభిప్రాయాలు ఉన్నాయి. సీతాదేవిని మోసగించిన మాయలేడి ఇక్కడనే సంచరించిందని, కురంగం వల్ల ఊరికి ఈ పేరు వచ్చిందని స్థలపురాణం. ‘హాబ్సన్ జాబ్సన్’ అనే ప్రసిద్ధ నిఘంటువును 1886లో వెలువరించిన యూల్, బర్నెల్ పండితులు ఇది కళింగ శబ్దానికి వికృతి కావచ్చునన్నారు. రోమను రచయిత ప్లినీ గంగా సాగరసంగమానికి దక్షిణంగా పేర్కొన్న కళింగ భూశిరం కోరంగి వద్దిదేనని కన్నింగ్‌హామ్ తన ప్రాచీన భారత భూగోళ గ్రంథంలో 1871లో వాదించాడు. వీటిలో ఏది నిజమని నిర్ధారించడం కంటె, అందరూ ఈ ఊరిని సముద్రంతోనో దూరదేశంతోనో ముడిపెట్టే చూశారన్న సంగతిని గమనించడం ముఖ్యం. స్థలపురాణం సైతం ఊరికి పరాయిచోటునుంచి వచ్చిన మాయలేడి కథనే చెప్పింది.

కోరంగి రేవుకు ప్రాముఖ్యం కల్పించినది నది. కోరమండల తీరం పొడుగునా ఓడలు నడిసముద్రంలో లంగరు దించవలసినవే. మద్రాసులో మసూలా పడవల మీద సరకులు ఒడ్డుకు చేర్చవలసి వచ్చేది. కోరంగి ఏటిలోకి మాత్రం ఓ మోస్తరు ఓడలు పోటుమీద లోపలికి వచ్చి, గాలివానల కాలంలో తలదాచుకొనేవి. వెనుక ఉన్న పల్లెలన్నీ నేతగాళ్ళవి. ఇంజరంలో ఆంగ్లేయుల వర్తకస్థానం, యానాంలో ఫ్రెంచివారిది, కాకినాడ పొరుగున జగన్నాథపురంలో డచ్చివారిది, ఇవన్నీ ఇరవై మైళ్ళ పరిధిలో వెలసినవే. ఇంజరం, నీలపల్లి నేతబట్టకు విదేశాల్లో మంచి గిరాకీ ఉండేది. 1757లో బుస్సీ ఇంజరంతోపాటు బండమూర్లంక, మాధవాయపాలెం స్థానాలను కూడ ఆంగ్లేయుల నుండి పట్టుకొన్నాడు. మరుసటి ఏడు చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోవడంతో ఈ తీరమంతా ఆంగ్లేయుల పరమైంది. పోరు ఎవరి మధ్యనైనా, అది ఈ నేతబట్ట కొరకూ, దీనిని ఓడకెక్కించే మొగల కొరకూ జరిగిందని చెప్పవచ్చును.

కోరంగి వట్టి రేవు మాత్రమే కాదు, ఓడలు పుట్టిన ఊరు కూడ. కలకత్తాకూ ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడలను డాకులోకి తీసుకొని బాగుచేయగలిగిన చోటు ఇదొక్కటేనని గోదావరి జిల్లా చరిత్రకారుడు హెన్రీ మారిస్ వ్రాశాడు. 19వ శతాబ్ది ఆరంభానికి రోబక్ అనే ఆంగ్లేయుడు ఇక్కడ ఒక డ్రై డాకును నిర్మించి ఉన్నాడు. కాని ఓడ కట్టే విద్య ఆంగ్లేయుడు తెచ్చి పెట్టినది కాదు. కోరంగి, తాళ్ళరేవు గ్రామాల వడ్రంగులు కాగితం మీద పటం లేకుండానే ధోనీలను, రెండు తెరచాపకొయ్యల ఓడలను నిర్మించేవారు. ఆ విద్య తండ్రి నుండి కొడుక్కు చేతిమీదుగా వచ్చినదే కాని, గ్రంథస్థమైనది కాదు. పెగూ టేకు సముద్రం మీద వచ్చేది; ఆ టేకుతో కట్టిన ఓడ బియ్యమో బట్టలో ఉప్పో ఎత్తుకొని తిరిగి అదే సముద్రం మీదికి పోయేది. కోరంగికీ బర్మాకూ పొత్తు ఇలాగున కూలీల కంటె ముందు కొయ్యతోనే ఏర్పడింది.

ఇంతటి రేవు ఎందుకు పోయిందన్న ప్రశ్నకు లోకంలో ప్రచారమైన సమాధానం ఒక్కటే: ఉప్పెన మింగింది. ఈ సమాధానంలో నిజం లేకపోలేదు. 1787 మే నెలలో ఈశాన్యపు గాలి తిరుగుడు పడి సముద్రం మీదికి పొంగింది. ఇంజరంలో ఉన్న విలియం పార్సన్ అనే ఆంగ్లేయుడు ఆ సంగతిని అలెగ్జాండర్ డాల్రింపుల్‌కు ఒక ఉత్తరంలో తెలియజేశాడు. కోరంగిలో ఉన్న నాలుగువేల జనంలో ఇరవైమంది కంటె ఎక్కువ బ్రతుకలేదని, ఆ ఇరవైమందీ ఎక్కువగా ఒక ఇంటి దూలాలను పట్టుకొని నిలిచినవారేనని ఆ రోజుల్లో చెప్పుకొన్నారు. అటుతరువాత 1789 డిసెంబరులో మూడు మహాతరంగాలు వరుసగా వచ్చినట్లు మరొక కథనం ఉన్నది. మొదటి తరంగం రేవులోని ఓడలనన్నిటినీ ఒడ్డుకు విసరివేసిందట. రెండవది ఊరిని ముంచిందట. మూడవది మిగిలినదంతా తుడిచిపెట్టి, వెనుకకు పోతూ ఇసుకదిబ్బలను విడిచిందట. పార్సన్ ఉత్తరం సంఘటన జరిగిన ఏటనే వ్రాసినది. మూడు తరంగాల కథనమో, ఆరు దశాబ్దాల తరువాత గ్రంథస్థమై ప్రచారంలోకి వచ్చినది. ఒకే విపత్తు నోటనోట పడి రెండు తేదీలతో రెండైనదేమో అన్న శంకకు ఇక్కడ తావున్నది.

మూడవది 1839 నవంబరు 25 నాటి ఉప్పెన. దీని మూలంగానే కోరంగిపేరు శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కింది. హెన్రీ పిడింగ్టన్ మొదట వర్తకనౌకల కప్తాను. తరువాత కలకత్తాలో స్థిరపడి, బంగాళాఖాతంలో రేగే గాలివానలను గురించి ఓడల దినచర్య పుస్తకాల నుండి ఓపికతో సమాచారం సేకరించినవాడు. ఏ ఓడ ఎక్కడ ఉన్నదో, అక్కడ గాలి ఏ దిక్కునుండి వీచిందో, ఏ గంటకు దిక్కు మారిందో పటం మీద గుర్తించి, గాలి తిన్నగా రాదని, ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ ముందుకు కదలుతుందని ఆయన నిరూపించాడు. బంగాళ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన వెలువరించిన తొలి పరిశోధనల్లో కోరంగి గాలివానను గూర్చినది ఒకటి. ఈ చుట్టుగాలికి చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేసే గ్రీకు పదం నుండి ‘సైక్లోన్’ అనే మాటను కల్పించి, 1848లో నావికుల కొరకు వ్రాసిన తన గ్రంథంలో ఆయనే వాడుకలో పెట్టాడు. నేడు ప్రపంచమంతా పలికే ఆ మాట వెనుక, కోరంగి ఏటి మొగలో మునిగిన జాలరుల పడవలు కూడ ఉన్నాయని తెలుగువారిలో ఎందరికో తెలియదు.

ఇక్కడ ఒక భాషావిశేషాన్ని చెప్పుకోవాలి. పిడింగ్టన్ క్రొత్తమాట కల్పించవలసి వచ్చింది కాని, కోరంగి జాలరికి ఆ అవసరం లేకపోయింది. గాలివాన వేరు, ఉప్పెన వేరు అని అతడు ఎరుగును. గాలివాన ఇంటిపైకప్పును పడగొడుతుంది. ఉప్పెన ఊరిని ఎత్తుకొని పోతుంది. తీరాన జననష్టం అధికంగా గాలివల్ల కాక, గాలి తరుముకొని వచ్చే నీటివల్ల కలుగుతుందన్నది నేటి శాస్త్రం స్థిరపరచిన విషయం. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినదీ అదే. ఆ దుర్ఘటనను తెలుగువారు ఏ అన్యభాషాపదం సహాయం లేకుండా ‘దివిసీమ ఉప్పెన’ అనే పిలుచుకొన్నారు. అనుభవం నిర్మించిన పదానికి గల కచ్చితత్వం అటువంటిది.

ఐతే 1839 ఉప్పెనను గురించి నేటికీ విజ్ఞానకోశాల్లో కనిపించే లెక్క ఒకటి పరీక్షకు నిలువదు. ఆ ఒక్క రోజున 3 లక్షలమంది చనిపోయారని, 20,000 నావలు నాశనమయ్యాయని ఒక గ్రంథం నుండి మరొక గ్రంథానికి సంఖ్యలు నడచి వస్తున్నాయి. అర్ధశతాబ్ది ముందు నాలుగువేల జనం గల ఊరు కోరంగి. 1821 ప్రాంతపు లెక్కల ప్రకారం, డెల్టాతో సహా మొత్తం రాజమండ్రి జిల్లా జనాభాయే ఏడున్నర లక్షలకు లోపు. మూడు లక్షలమంది ఒక్కరోజున పోయి ఉంటే, జిల్లాలో దాదాపు సగం తుడుచుకొని పోయి ఉండవలెను. నిజమే, ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో జిల్లా జనసంఖ్య సుమారు నాలుగోవంతు తగ్గింది. దానికి కారణాలు విచారించడానికి వచ్చిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక సమర్పించాడు. ఆ నివేదికలో ప్రధానస్థానం పొందినవి కరవులు, శిథిలమైన చెరువులూ కాలువలూ, మోయలేని శిస్తు, నేతవృత్తి పతనం. అనగా జనం ఒక్క రాత్రి నీటమునిగి పోలేదు; ఇరవై ఏండ్లపాటు ఆకలితో పోయారు, ఊళ్ళు విడిచి పోయారు.

ఈ రెండు మరణాలకూ గల భేదాన్ని చరిత్రకారుడు విస్మరించరాదు. ఉప్పెనకు దోషి లేడు. కరవుకు, శిస్తుకు, మగ్గం మూతపడటానికి జవాబు చెప్పవలసినవారు ఉంటారు. లాంకషైరు మిల్లుబట్ట రాకతో ఇంజరం, నీలపల్లి నేతగాళ్ళ బ్రతుకు తెల్లవారింది. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వర్తకం పూర్తిగా నిలిచిపోయింది. నందన సంవత్సరపు కరవు ఆ సమయాననే వచ్చిపడింది. 1839 నాటికే కోరంగి ఎత్తవలసిన సరకు తగ్గిపోయి ఉన్నది. అటువంటి స్థితిలో వచ్చిన ఉప్పెన ఊరిని పడగొట్టింది. పూర్వం 1787 దెబ్బ తరువాత రేవు మళ్ళీ లేచి డాకు కట్టుకొన్నది, ఈసారి లేవలేకపోయింది. దెబ్బ పెద్దదై కాదు, లేవడానికి వెనుక బలం లేక. పెద్ద అలను గురించిన కథ, దానికి తగిలించిన మూడు లక్షల అంకె, ఈ మెల్లని మరణాన్ని కప్పివేశాయి.

మరొక కారణం నదిలోనే ఉన్నది. గోదావరి ఏటేటా తెచ్చే ఒండ్రు కోరంగి మొగలో మేటవేయసాగింది. ఓడ ముందుగా పోటుకొరకు కాచుకొన్నది. పిదప పెద్దపోటు కొరకు. చివరకు రావడమే మానింది. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అందుకు ఆర్థర్ కాటన్‌ను గోదావరి రైతులు నేటికీ తలచుకొంటారు. కాని ఆనకట్ట కాలువల వెంట పడవలమీద వచ్చిన ధాన్యం కోరంగి ముంగిట ఆగలేదు, కాకినాడకు పోయింది. అమెరికా అంతర్యుద్ధం జరిగిన 1861–65 నడుమ ప్రత్తి ఎగుమతితో కాకినాడ రేవు ఒక్కసారిగా పెరిగింది. విచిత్రమేమంటే, కోరంగిని మూసివేసిన ఇసుకయే కాకినాడకు రక్షణ కల్పించింది. నది విడిచిన ఇసుక ఉత్తరంగా సాగి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలెండు అనే లంకగా నిలిచి, కాకినాడ అఖాతానికి అలల తాకిడి తగలకుండ అడ్డుగోడ అయింది. ఈ లంక వయస్సు రెండువందల ఏళ్ళకు మించదు. అనగా కోరంగి వైభవం అణగుతున్న కాలంలోనే, కంటి ఎదుట ఈ నేల సముద్రంలో నుండి లేచింది.

తెలుగుతీరంలో ఇది క్రొత్త సంగతి కాదు. టాలెమీ కాలపు ఘంటసాల నేడు సముద్రానికి దూరమైన పల్లె. ఓడ పగిలిన వర్తకుని సొత్తును పట్టుకోబోమని గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించిన మోటుపల్లి నేడు జాలరుల ఊరు. నది నేలను ముందుకు నెట్టుతుంది, రేవు వెనుకబడుతుంది, వర్తకం మరొక మొగను వెదుక్కొంటుంది. కోరంగికి ప్రత్యేకమైన సంగతి ఆ తరువాత జరిగినది.

1852లో దిగువబర్మా ఆంగ్లేయుల వశమైన పిమ్మట ఐరావతీ డెల్టాలో వరిసాగు విస్తరించింది. ధాన్యం మరలకు, రంగూను రేవుకు, బాటలకు మనుషులు కావలసి వచ్చారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల్లో స్టీమర్లు ఆగి, గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల పేదజనాన్ని ఎక్కించుకొన్నాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూనుకు ‘రంగం’ అని పేరు. మేస్త్రీ బయానా ఇచ్చేవాడు. ఓడ ఎక్కకముందే మనిషి అప్పులో పడేవాడు. బర్మాలో దిగిన ఈ జనానికంతకూ స్థానికులు, ఆంగ్లేయులు పెట్టిన పేరు ‘కోరంగీ’. పూర్వం ఆ తీరం నుండి వచ్చిన తెలుగు ఓడలు, నావికులు కోరంగివారే గనుక, తెలుగువాడన్న ప్రతివానికీ ఆ పేరే స్థిరపడింది. శ్రీకాకుళం రైతుకూలీ కోరంగీ; గంజాం జాలరి కోరంగీ; కోరంగి ఎక్కడున్నదో ఎరుగని విజయనగరం వాడూ కోరంగీయే. ఓడలు కట్టినవారి ఊరిపేరు క్రమంగా మూటలు మోసేవాని పేరైంది. దానితో కొంత చులకన కూడ చేరింది. ఆండ్రూ అనే ఆంగ్లేయుడు రంగూనులోని భారతీయ శ్రామికులను గురించి 1933లో ప్రకటించిన గ్రంథంలో ఈ మాట అడుగడుగునా కనిపిస్తుంది.

1931 జనగణన నాటికి రంగూను జనసంఖ్య 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. దానికి ముందటి ఏడు, 1930 మే నెలలో, రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొని, సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మీయులను తొలగించారు. ఇరువురినీ ఆకలియే అక్కడికి తెచ్చింది. ఇరువురినీ ఒకరిమీదికొకరిని ఉసికొలిపినది కూలిలెక్క. మే 26న ఆరంభమైన కొట్లాటల్లో వందమందికి పైగా మరణించారు. మరణించినవారిలో అధికులు ‘కోరంగీలు’. 1941 డిసెంబరులో రంగూను మీద జపానువారు బాంబులు వేసిన తరువాత లక్షలాది భారతీయులు అరకాను, మణిపురం అడవిదారుల్లో కాలినడకను బయలుదేరారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 1960 దశాబ్దంలో నీవిన్ ప్రభుత్వం వర్తకాన్ని జాతీయం చేసినప్పుడు మరొకసారి వలస తిరుగుముఖం పట్టింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ రాకకు గురుతు. ఓడమీద పోయినవారిలో కొందరి మనుమలు తెలుగు తడబడుతూ తిరిగివచ్చారు. మరికొందరి సంతతి నేటికీ బర్మాలోనే ఉన్నది.

కోరంగిలో నేడు చూడదగినది మడ అడవి. 1978లో ప్రభుత్వం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. ఓడలు తిరిగిన ఏరుల ఒడ్డున మడ, పొన్న, తిల్ల చెట్లు బురదలో వేళ్ళు నాటి నిలిచాయి. నీటిపిల్లులు, చేపలుపట్టే అడవిపిల్లులు వాటి నీడన మసలుతాయి. రేవును చంపిన ఒండ్రులోనే ఈ అడవి పెరిగింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన గాలివాన వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. మడచెట్లు ఉన్నచోట నీటి ఉధృతి తగ్గుతుందని నిపుణులు చెబుతున్నారు. వంటచెరకు కొరకు, రొయ్యల చెరువుల కొరకు వాటిని నరికినచోట ఆ రక్షణ లేదు. ఎదురుగా హోప్ ఐలెండు ఇసుక మీద కొద్ది జాలరి కుటుంబాలు పాకలు వేసుకొని ఉంటున్నాయి. అక్కడికి పడవయే దారి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆ ఇసుకలో గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి. తాళ్ళరేవు ప్రాంతంలో కొయ్యపడవలు కట్టే వడ్రంగులు ఇంకను మిగిలి ఉన్నారు. వారి చేతి కొలతలను, పనిముట్ల పేర్లను, పడవ భాగాల పేర్లను సమగ్రంగా సేకరించవలసిన పని మిగిలే ఉన్నది.

తెలుగులో కాశీయాత్రలకు చరిత్రలు ఉన్నాయి. రాజులకు వంశావళులు ఉన్నాయి. రంగం పోయినవారికి అటువంటిది లేదు. వారి సంగతి తెలుసుకోవలెనంటే ఆంగ్లేయుని నివేదికలు, రేవుకచేరి లెక్కలు తిరగవేయవలసి వస్తున్నది. వాటిలో మనిషికి పేరుండదు. ‘కోరంగీ’ అన్న ఒక్క మాట, ప్రక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకెలు ఎంత నమ్మదగినవో 1839 నాటి మూడు లక్షలే సాక్ష్యం. అంకె పెద్దదైన కొద్దీ మనిషి కనుమరుగవుతాడు. ఉప్పెనలో దూలం పట్టుకొని బ్రతికిన ఇరవైమందిలో ఒక్కరిపేరైనా తెలుగులో వ్రాసిపెట్టినవారు లేకపోయారు. బర్మా నుండి వచ్చినవారి ఇండ్లలో ముసలివారి నోట ఇంకా కొన్ని పేర్లు, కొన్ని ఓడల కథలు ఉన్నాయి. అవి కాగితం మీదికి వచ్చిననాడు, కోరంగి అన్న మాటకు దాని అసలు అర్థం తిరిగి వస్తుంది: ఓడలు కట్టిన ఊరు, మనుషులు బయలుదేరిన ఊరు.